చన్నీళ్ల ఎంజైము

బావామరదళ్లంటే సరసాలాడుకుంటారని లోకం అనుకుంటుంది. ఆ ల్యాబులో మాత్రం ఎనిమిది నెలలుగా ఇద్దరూ కత్తులు నూరుకుంటున్నారు. కారణం ఒక ఎంజైము. బట్టల మీది నూనె మరకల్ని చన్నీళ్లలో కూడా వదలగొట్టే ఎంజైము. దాన్ని కొంటామని ఒక సబ్బుపొడి కంపెనీ ముందుకొచ్చింది. వచ్చిన రోజు నుంచీ దాన్ని ముందు కనిపెట్టిందెవరన్న గొడవే.

బావ ఆ ల్యాబుకు పెద్ద. మట్టిలోంచి ఒక సూక్ష్మజీవిని పట్టి, అందులో ఆ ఎంజైమును మొదట చూసింది ఆయనే. మరదలు పన్నెండేళ్లుగా ఆయన కింద పనిచేస్తున్న సైంటిస్టు. ఆ ఎంజైములో ఏడుచోట్ల మార్పులు చేసి, చన్నీళ్లలో పనిచేసేలా మలిచింది ఆమె.

"గింజ నాది," అంటాడాయన.

"పంట నాది," అంటుందామె.

"నేను మార్చమన్నచోటే కదా మార్చావు?"

"మీరు మార్చమన్న ముప్ఫై రెండు చోట్లూ మార్చాను సర్. ముప్ఫై రెండూ చచ్చాయి."

ల్యాబులో ఆమె ఆయన్ని "సర్, మీరు" అనే పిలుస్తుంది. ఆ "సర్"లో ఎంత విషం పడుతుందో అంతా పట్టిస్తుంది. మొన్న ఆదివారం ఇంటికి వెళితే అక్క గుమ్మంలోనే నిలబెట్టి, "మా ఆయన్ని బజారుకీడ్చడానికేనా నిన్ను చదివించింది?" అంది. తనను చదివించింది స్కాలర్‌షిప్పని చెల్లెలు గుర్తుచేసింది. అక్క తలుపు వేసేసింది.

ఇవాళ మూడింటికి డైరెక్టర్ గదిలో తీర్పు. పరిశోధన పత్రం మీదా, పేటెంటు మీదా ఎవరి పేరు ముందుండాలో ఆవిడ తేల్చేస్తుంది. బావకు అది మరో కిరీటం. మరదలికి కూడు. ముప్ఫై తొమ్మిదేళ్లొచ్చినా ఆమెది ఏటేటా పొడిగించే ఉద్యోగమే. మొదటి పేరు తనదైతే పర్మనెంటు చేస్తామన్నారు, కాకపోతే వచ్చే ఏడు కుర్చీ ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.

అందుకే పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి కూర్చుంది. డైరెక్టర్‌కు ఒక పట్టిక చూపించి, బావ ఎంజైము ఎందుకూ కొరగానిదని నిరూపించాలని ఆమె పట్టుదల.

ఎంజైమును బాక్టీరియా కణాల్లో పెంచుతారు. కణాల్ని చితగ్గొట్టి ఆ రసాన్ని కాలమ్ అనే సన్నగొట్టంలో పోస్తారు. అందులోని గుళికలకు ఎంజైము అతుక్కుంటుంది, చెత్త కొట్టుకుపోతుంది. కొట్టుకుపోవాలి, అదీ లెక్క. అతుక్కున్నదాన్ని దింపి పరీక్ష ద్రావణంలో వేస్తే పసుపు రంగు వస్తుంది. ఎంత పసుపైతే ఎంజైము అంత పనిమంతురాలు. సున్నా ఎక్కడుందో చూసుకోవడానికి ఆ ల్యాబులో ఇన్నేళ్లూ ఏ కణాలూ కలపని ఉత్త బఫర్ నీళ్లనే వాడారు. ఈసారి మరదలు ఇంకో అడుగు ముందుకేసింది. ఎంజైము జన్యువే పెట్టని ఖాళీ కణాల్ని నిన్న పెంచి ఉంచింది. వాటినీ అలాగే చితగ్గొట్టి, అదే కాలమ్‌లో పోసి, ఇదిగో చూడండి, మా సర్ ఎంజైముకూ ఖాళీ కణాలకూ తేడా ఇంతే అని చూపించాలని. శాస్త్రం మీద ప్రేమతో కాదు, కడుపుమంటతో చేసింది.

ఖాళీ కణాల రసం పసుపెక్కింది.

చీటీలు తారుమారయ్యాయేమోననుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ పసుపే. తన ఎంజైము ఎంత పసుపో ఇదీ అంతే. బావది పాలిపోయినట్టుంది. మూడోసారీ చేసింది, అదే రంగు. తర్వాత ప్రోటీన్లను విడగొట్టి చూసే జెల్ నడిపింది. తన ఎంజైము ఉండాల్సినచోట లావుపాటి పట్టీకి బదులు దారప్పోగంత గీత కనిపించింది.

అప్పుడు అర్థమైంది. ఆమె చేసిన ఏడు మార్పులతో ఎంజైము సరిగ్గా తయారే కావడంలేదు. అది రాకపోయేసరికి, బస్సులో సీటు ఖాళీ ఉంటే ఎవరో ఒకరు కూర్చున్నట్టు, బాక్టీరియా సొంత ఎంజైములు గుళికలకు అతుక్కున్నాయి. ఆ పసుపు వాటిది. తన ఎంజైము ఎంత పాడైతే రంగు అంత పెరిగింది. మెరుగులనుకున్న ఏడూ దెబ్బలే. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఇక్కడ ఎలుక కూడా లేదు.

గ్లవ్స్ తీయకుండానే స్టూలు మీద కూలబడింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, లేనిదాని పేరు కోసమా ఎనిమిది నెలలు తిట్టుకున్నది? ఏడ్చింది. ఏడుపు ఆగాక ఒక ఆలోచన వచ్చింది. బావ అడుగుతున్నాడుగా, ఇచ్చేస్తే పోలా! అంతా నీదేనని చేతిలో పెట్టేస్తే సరి, కంపెనీవాళ్లే బోనులో నిలబెడతారు. ఆమెకు సంతోషం కలిగింది. సిగ్గు కూడా కలిగింది గానీ కాస్త ఆలస్యంగా.

మూడింటికి డైరెక్టర్ గదిలో మరదలే ముందు నోరు తెరిచింది.

"మేడమ్, నేను తప్పుకుంటున్నాను. సర్ పేరే ముందు వేయండి. అసలు నా పేరు లేకపోయినా ఫర్వాలేదు."

"అయ్యో, వద్దు వద్దు!" బావ కుర్చీలోంచి సగం లేచాడు. "కష్టమంతా తనది. నేనేదో పెద్దరికానికి పట్టుబట్టాను. తన పేరొక్కటే వేయండి."

"గింజ మీది కదా సర్."

"గింజదేముందమ్మా, పంట నీది."

డైరెక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎనిమిది నెలలు నా ప్రాణం తోడేశారు. ఇంత మంచితనం ఎక్కడ దాచారు ఇద్దరూ?" అని, టేబుల్ మీది కాగితం తీసింది. "ఎవరో ఒకరు ఒప్పుకోవాలి మరి. నిన్న సాయంత్రం సర్‌కు చూపించాను ఈ ఉత్తరం. వచ్చే నెల కంపెనీవాళ్లే వచ్చి, వాళ్ల చేతుల్తో పరీక్ష చేసుకుంటారట. మొదటి పేరున్నవాళ్లు పక్కన నిలబడి జవాబు చెప్పాలి."

మరదలు బావ వైపు తిరిగింది. పన్నెండేళ్లలో ఆయన ఆమెకు పెన్ను కూడా ఊరికే ఇచ్చినవాడు కాదు.

"బావా," అంది. ఆఫీసులో ఆ పిలుపు అదే మొదలు. "ఖాళీ కణాలతో చేసి చూశావు కదూ?"

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇంకొకడైతే ఏం కణాలని బొంకేవాడు. ఆయనకు ఆ మాటలో వేరేది వినపడింది. ఈ పిల్ల తానేదో కొత్తగా పట్టేశాననుకుంటోంది.

"నువ్వు చేశావా? ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున."

"ఇవాళా!" నవ్వాడు. "నేను రెండేళ్ల కిందటే చేశాను."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు.

రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఆమె నూట నలభై రకాలు తయారుచేసి పరీక్షించింది. ఇంకో సంస్థ పిలిచి ఇస్తానన్న పర్మనెంటు ఉద్యోగాన్ని, ఎంజైము ఇక్కడుందని వదులుకుంది. వాళ్ల వయోపరిమితి ఇప్పుడు దాటిపోయింది. ఆయన ఇదంతా పక్కగదిలోంచి చూస్తూ, కానియ్యి కానియ్యి అన్నాడు. ఆమెకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఉత్తమాటకు కాదు, నిజంగానే చెయ్యెత్తి.

"ఏమిటా ఖాళీ కణాలు?" డైరెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. ఎవరి పేరు ముందు రాయను?"

"ఎంజైము పనిచేయదు మేడమ్," అంది మరదలు. "ఆ పసుపు బాక్టీరియాది. దాన్ని ఈయనకు అంటగట్టి పోదామనే నేనూ ఇక్కడికొచ్చాను, అదీ రాసుకోండి. నాకు తెలిసింది ఇవాళ పొద్దున. మా బావకు తెలిసింది రెండేళ్ల కిందట. ముందు కనిపెట్టింది ఆయనే. ఆయన పేరే ముందు రాయండి."

డైరెక్టర్ కలం తీసి, తెల్లకాగితం మీద తేదీ వేసి, ఇద్దరి మాటలూ రాయడం మొదలుపెట్టింది.