మట్టి పెట్టెల్లో బంతి పుప్పొడి

దేవుడికని పెట్టిన పువ్వు మనిషికి కీడు చేస్తుందా? ఆరేళ్లుగా మల్లేశాన్ని తొలుస్తున్న సందేహం ఇది. గుళ్లో అయ్యవారిని అడగలేదు, ఇంట్లో భార్య శివమ్మకు చెప్పలేదు.

రిటైరయ్యేదాకా అతను హైదరాబాదులో ఒక ల్యాబులో అటెండరు. నల్లగొండ వైపు ఒక పాత చెరువు అడుగు నుంచి గొట్టాలతో తీసిన మట్టి అక్కడికి వచ్చేది. ఏ పొరలో ఏ మొక్కల పుప్పొడి ఉందో చూస్తే ఆ కాలంలో వానలు పడ్డాయో, కరువొచ్చిందో తెలుస్తుందట. ఒకే గొట్టం మట్టిని మూడు వాటాలు చేసి ఇక్కడొకరు, జర్మనీలో ఒకరు, నార్వేలో ఒకరు లెక్కపెట్టేవారు. ముగ్గురి లెక్కా కలిస్తేనే మాట నిలబడినట్టు.

ఇక్కడి వాటా, పదమూడు పెట్టెల మట్టి, అఖిలది. ఆమె లెక్కలో రెండు వేల ఏళ్ల నాటి పొరలో బంతి పుప్పొడి తేలింది. బంతి సముద్రం దాటి మన దేశానికి వచ్చి అయిదు వందల ఏళ్లు కూడా కాలేదు. మిగతా ఇద్దరి వాటాల్లో అది లేనే లేదు. హైదరాబాదు వాటా మొత్తం పక్కన పెట్టారు. అఖిల ఉద్యోగమూ పోయింది.

ఆ లెక్కకు ముందొచ్చిన దసరాకు ల్యాబులో ఆయుధపూజ చేసింది మల్లేశమే. మైక్రోస్కోపుకు బొట్టు పెట్టి, బంతి రేకలు తుంచి బల్లంతా చల్లాడు. మట్టీ తల్లే కదా అని పెట్టెల మీదా చల్లాడు.

శనివారం యోగేందర్ ఫోన్ చేశాడు. ఇప్పుడు అటెండరు అతనే. మూడు దేశాల వాళ్లూ మళ్లీ కూర్చుని పాత లెక్కలు తిరగేస్తున్నారట. సోమవారంలోగా ఆ పుప్పొడి సంగతి తేలకపోతే అఖిల వాటా పారేయడమేనట.

ఆదివారం పొద్దున్నే మల్లేశం ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాడు. అఖిల పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ నాలుగో అంతస్తులో. లిఫ్టు నడవడం లేదు. అంతస్తుకోసారి కూర్చుంటూ ఎక్కాడు.

“మల్లేశన్నా! నువ్వేంది, గీ వయసుల గ్రూప్స్ రాస్తున్నవా?” అంది అఖిల. గొంతు బొంగురుపోయింది, కళ్ల కింద నలుపు.

అతను నవ్వలేకపోయాడు. నిలబడే అంతా చెప్పేశాడు.

ఆమె బెంచీ మీద కూలబడింది. “ఆరేండ్లాయె గదన్నా! బంతిపూల బతుకమ్మ పేర్చి చేతులు మంచిగ కడుక్కోకుంట ఒచ్చిన్నేమో, తప్పు నాదేనేమో అనుకున్న. గందుకే ఎవ్వరితోని కొట్లాడలే.”

“భయపడ్డనమ్మా. పూజ బంద్ చేస్తరని, నా పింఛను ఆపుతరని. మా శివమ్మ మలక్‌పేట దవాఖానల ఉంటే మూడు దినాలు పక్కన కూసున్నవు నువ్వు. గసొంటిదానికి నేను చేసింది గిది.”

“ఇప్పుడు చెప్తే ఆపరా?”

“ఏమో బిడ్డా. గీ బరువు మోసీ మోసీ యాష్టకొచ్చింది.”

ఆమె తలెత్తి అడిగింది. “అన్ని పెట్టెలల్ల పడ్డయా పూలు?”

మల్లేశం కళ్లు మూసుకుని ఆ బల్లను తలచుకున్నాడు. “లే. మూతలు తీసి ఉన్నయి రెండే, నువ్వు ఆరబెట్టినవి. తక్కిన పదకొండిటికి టేపు చుట్టి ఉండె.”

“పుప్పొడి దొరికింది గా రెంట్లనే!” అఖిల లేచి నిలబడింది. “పదకొండు మంచియే అన్నా. నా లెక్క మంచిదే.”

ఆమె ఇచ్చిన ప్రశ్నపత్రం వెనకవైపు మల్లేశం జరిగిందంతా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు.

“మూతలు తీసిపెట్టింది నేనే, గది గూడ రాయి,” అంది అఖిల.

“అది నువ్వు రాస్కో. ఇది నాది.” కింద సంతకం పెట్టాడు.

ఆమె ఆ కాగితం ఫోటో తీసి యోగేందర్‌కు పంపింది. కాసేపటికి జవాబొచ్చింది: అందింది, ల్యాబు సార్‌కు పంపిన, మూడు దేశాలోల్లకు పోతది.

క్లాసుకు వేళయింది. అఖిల డస్టర్ అందుకుని గుమ్మం దగ్గర ఆగింది.

“వదినెకు చెప్పు అన్నా, గా మూడు దినాల బాకీ ఇయ్యాల తీర్చినవని.”