ముందుకి జరిగిన సీటు

ఆదివారం చెయ్యాల్సినవి: దుప్పట్లు ఉతకాలి. నీళ్ళ ట్యాంకు కడగాలి. పాపకి లెక్కలు చెప్పాలి. సోమవారం ఆఫీసులో ఇవ్వాల్సిన రిపోర్టు ముగించాలి. అత్తయ్యకి మాత్రలు తేవాలి. కారు ముందు సీట్లు ఊడదియ్యాలి.

ఆఖరిది మావారి పని. షెడ్డులో ఏళ్ళ తరబడి దుమ్ము తింటున్న వాళ్ళ నాన్న కారుని విప్పి, తుప్పు వదిలించి, రంగు వేయించి తన బట్టల షాపు ముందు నిలబెడతానని ఆయన అందరికీ చెప్పుకున్నారు. చెప్పడం ఆయన వంతు, విప్పడం నా వంతు. "నీకైతే ఓపిక ఎక్కువ కదా" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. ఆఫీసులో మా సూపర్‌వైజరు నా గోళ్ళలో గ్రీజు చూసి, ఇంట్లో గిన్నెలు తోమడం చాలక షెడ్డులో కూడా చేరారా అని నవ్వాడు. నేనూ నవ్వాను. అలవాటు.

నిజానికి ఆ పని నాకు నచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఏ పనైనా పద్ధతిగా చెయ్యకపోతే ఎవరో మార్కులు తీసేస్తారన్న భయం ఇంకా పోలేదు. అందుకే ఊడదీసిన బోల్టులన్నీ గుడ్ల అట్టలో ఒక్కో గుంటలో వేసి పక్కన చీటీ పెట్టేదాన్ని. అత్తయ్య పీట వేసుకుని చూసి చూసి, "అమ్మాయ్, ఏ కన్నంలోంచి వచ్చిన బోల్టు ఆ కన్నంలోనే రెండు చుట్లు తిప్పి వదిలెయ్. దాని ఇల్లు దానికి తెలుస్తుంది" అన్నారు. ఇదెక్కడ నేర్చుకున్నారంటే, అవసరం అన్నీ నేర్పుతుందిలే అని దాటేశారు.

మామయ్య ఈ కారులో బట్టల మూటలు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. తాటిచెట్టంత ఎత్తు. ఆయన కారు నడిపే తీరు మా ఇంట్లో ఒక పురాణం. మోకాళ్ళు రెండు పక్కలకీ విడదీసి, స్టీరింగు మీదకి ఒంగి, దాన్ని కౌగలించుకున్నట్టు నడిపేవారట. మావారు భోజనాల దగ్గర కంచం పట్టుకుని అభినయించి మరీ చూపిస్తారు. "అది మా నాన్న స్టైలు. ఇంకెవరికీ రాదు."

డ్రైవరు సీటు ఎత్తి పక్కన పెట్టాక కింద రేకులో రెండు వరసల కన్నాలు కనిపించాయి. వెనక వరస కంపెనీది. వాటికి రబ్బరు బిరడాలు పెట్టేసి ఉన్నాయి. సీటు బిగించింది మాత్రం ముందు వరసకి, తర్వాతెప్పుడో తొలిపించిన కన్నాలకి, జానెడు ముందుకి. మావారిని పిలిచి చూపించాను. ఎవడో మెకానిక్ చేసిన తప్పుపని అన్నారు. వెల్డింగు పెట్టి మూయించి సీటు వెనక్కి వేయించమన్నారు. ఎలాగూ ఫొటో కోసం కూర్చోవడమే తప్ప నడిపేదెవరు, ఇంజను జోలికి పోవద్దు అన్నారు. ఫోను మోగితే వెళ్ళిపోయారు. మర్నాడు వెల్డింగు మేస్త్రీ వస్తాడు. నేను బుద్ధిగా సుద్దముక్క తెచ్చి ముందు కన్నాల చుట్టూ సున్నాలు చుట్టాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తయ్య కారులోకి ఒంగి, మసిగుడ్డతో ఆ సున్నాలు తుడిచేస్తున్నారు.

"ఇవి తప్పుపని కాదు. నేను దగ్గరుండి తొలిపించుకున్నవి."

కన్నాల వైపోసారి, ఆవిడ వైపోసారి చూశాను. ఆవిడ నా భుజం దాకా కూడా రారు.

"మీరు నడిపేవారా?"

"మీ మామయ్యకి స్టీరింగు పట్టుకుంటే నిద్ర. ఒకసారి కాలవ గట్టు దాకా పోయి ఆగాం. మర్నాడే నేర్చుకోవడం మొదలెట్టా."

మిగతాది గుడ్డ దులుపుతూ చెప్పారు. ఊళ్ళ మధ్య దారంతా ఆవిడే నడిపేవారట. బజారు మలుపు రాగానే మామయ్యని లేపి సీటు ఇచ్చేసేవారట. పెళ్ళాం తోలుకొచ్చినవాడి దగ్గర బట్టలెవరు కొంటారని ఆయన భయం. ఇంటి మలుపు దగ్గరా అంతే. సీటేమో బోల్టులతో బిగించింది, వెనక్కి జరగదు. అంత మనిషీ ఆ ఇరుకులో మోకాళ్ళు విడదీసి, స్టీరింగుని కౌగలించుకుని, అందరికీ చెయ్యి ఊపుతూ వచ్చేవారట. చెబుతూ అత్తయ్య నవ్వాపుకోలేకపోయారు. "మడత కుర్చీలా ఉండేవాడమ్మా, పాపం."

మరి ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదుగా అన్నారు.

కొడుకు కంచం పట్టుకుని అభినయిస్తున్న ప్రతిసారీ ఆవిడ పక్కనే నిలబడి వడ్డిస్తూ విన్నారు. నా బిరుదు నాకంటే ముందు ఎవరిదో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారికి నేనే చెప్పాను. ఆయన తల్లి వైపు చూశారు. "నిజమేనా అమ్మా?"

"తిను. చల్లారిపోతోంది."

ఆయన తినలేదు. కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కున్నారు. మోకాళ్ళు తగిలాయి. విడదీశారు. ఒంగారు. అచ్చం వాళ్ళ నాన్నలాగే వచ్చింది. అలా ఒంగే, కన్నాలు ఉంచుదాం, షాపు ముందు బోర్డు మీద ఈ కథంతా రాయిద్దాం అన్నారు.

"షాపు ముందు బోర్డు ఒక్కటే పెట్టుకోండి" అన్నాను. "కారు రోడ్డు మీద ఉంటుంది."

ఇంజను మెకానిక్‌కి నేనే ఫోను చేశాను. ఆ ఆదివారం దుప్పట్లు మావారు ఉతికారు. సరిగ్గా ఉతకలేదు. నేను అలాగే ఆరేశాను.

సీటు ముందు కన్నాలకే నా చేత్తో బిగించాను. అత్తయ్య లైసెన్సు మళ్ళీ తీయించాం. పక్క సీటు నాది, నేర్చుకుంటున్నాను.

ఎప్పుడైనా మీ వీధిలోకి ఒక పాత కారు, స్టీరింగు వెనక ఎవరూ లేనట్టు వస్తే కంగారుపడకండి. ఉన్నారు. ఆవిడ పొట్టి మనిషి. మొదటి నుంచీ అక్కడే ఉన్నారని, దయచేసి మీరైనా గుర్తుపెట్టుకోండి.