ఫోటోలో ఎడమ పక్క

1968లో చీపురుపల్లి స్టేషను రోడ్డులో గణపతిరావుకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు తీసే గాజు ప్లేట్లు పెట్టెల్లో ఎక్కించే చీకటిగదిలోకి ఎవరో ఒకరు తలుపు తోసుకువచ్చి పెళ్లి ఫోటోలు పాడుచేస్తున్నారని, ఆ తలుపుకు కరెంటు అయస్కాంతంతో పనిచేసే తాళం పెట్టించాడు. స్విచ్చి వేస్తే లారీ బ్యాటరీతో అయస్కాంతం తలుపును పట్టుకునేది. ఆపితే వదిలేసేది.

తాళం పెట్టిన నెలలోనే ఫోటోల ఎడమ అంచున తెల్లటి మరక పడసాగింది. రసాయనం పాడైందనుకుని కొత్తది కలిపాడు. మరక పోలేదు. మనిషి నడుమెత్తున, పొగలా, పైన గుండ్రంగా.

ఆ రోజుల్లోనే పక్క ఊరి రైతు భార్య జగ్గమ్మ వచ్చింది. ఎనిమిదేళ్ల కూతురు తవిటమ్మ ఆ వానల్లో జ్వరంతో పోయింది. పిల్లకు ఒక్క ఫోటో అయినా లేదు. కనీసం తనదైనా ఇంట్లో ఉండాలనుకుంది. ఫోటో ఇస్తూ గణపతిరావు మరక గురించి సంజాయిషీ చెప్పబోయాడు. ఆమె వినలేదు. మరక మీద వేలు పెట్టింది.

"ఇది మా గుంటే బాబూ. మా తవిటమ్మే."

ఆ మాట ఊళ్లు తిరిగింది. పోయినవాళ్లను చూసుకోవాలని జనం రాసాగారు. మరక ఎందుకు పడుతోందో తెలియక గణపతిరావు కాదనలేకపోయాడు. చీకటిగదిలో తన ఎడమ భుజం పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించేది. చివరికి సాలూరులో లారీలకు కరెంటు పని చేసే బావమరిది గోవిందరావును పిలిపించాడు.

ఇద్దరూ గదిలో నిలబడ్డారు. చీకట్లో కళ్లు మూసుకుని పనిచేయడం గణపతిరావు అలవాటు. ప్లేటును చెక్కపెట్టెలో పెట్టి, కుడిచేత్తో మూత జరుపుతూనే ఎడమచేత్తో తాళం స్విచ్చి ఆపాడు.

"కళ్లు తెరిసి ఇంకోపాలి ఆపు బావా," అన్నాడు గోవిందరావు.

ఆపాడు. స్విచ్చిలో నీలి మెరుపు మెరిసింది.

"అదే నీ దెయ్యం. మాగ్నెట్టు తీగసుట్టలో మిగిలిన కరెంటుకి దారి నేక ఇక్కడ రవ్వై దూకతన్నాది. మూత పడని అంచు మీద ఆ ఎలుగు పడతాది."

కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు పెడితే ఆ మిగులు కరెంటుకు దారి దొరుకుతుందన్నాడు. గణపతిరావు పాత రేడియోలోని గాజు డయోడు తెచ్చి ఇచ్చాడు.

"ఇది సాలదు. మాగ్నెట్టు లాగినంత కరెంటూ ఇది మొయ్యాల. ఒక్క దెబ్బకే మాడిపోతాది."

గోవిందరావు సంచిలోంచి లావుపాటి డయోడు తీశాడు. గీత ఉన్న కొస బ్యాటరీ ప్లస్సు వైపు ఉండేలా చూసుకుని, తీగచుట్ట రెండు కొసల మధ్య టంకం పెట్టాడు. తిరగేస్తే బ్యాటరీ కరెంటంతా దానిలోంచే పోయి కాలిపోతుందన్నాడు.

ఈసారి మెరుపు రాలేదు. కాని తలుపు వెంటనే వదల్లేదు. అవతల ఎవరో పట్టుకున్నట్టు ఒక్క క్షణం బిగిసి, తర్వాత మెత్తగా వదిలింది.

"కరెంటు డయోడులో తిరిగి తిరిగి సస్తాది. అందుకే ఆ ఆలీసం," అన్నాడు గోవిందరావు.

కొన్నాళ్లకు జగ్గమ్మ మళ్లీ వచ్చింది. గణపతిరావు దాచకుండా అంతా చెప్పాడు.

"అయితే ఇంక రాదేటి?"

"అది మీ గుంట కాదమ్మా. రవ్వ ఎలుగు."

ఆమె కొంగు సర్దుకుంది. "సరే. ఇంకో ఫోటో తియ్యి బాబూ."

చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మధ్యాహ్నం, తలుపులు మూసి ఉన్నాయి. గాలి లేదు.

సాయంత్రం ప్లేటు కడిగితే ఎడమ అంచు శుభ్రంగా ఉంది. గణపతిరావు ఊపిరి పీల్చుకున్నాడు. ఫోటో వేసి ఆరబెట్టాక మళ్లీ చూశాడు. జగ్గమ్మ కొంగు భుజం మీంచి కిందికి వేలాడటం లేదు. ఎడమవైపుకు బిగుతుగా సాగి ఉంది. నడుమెత్తున దాని కొస, చిన్న గుప్పిట్లో ఉన్నట్టు నలిగి ముడుచుకుంది. ఆ చివర ఎవరూ లేరు. తీసేటప్పుడు కొంగు అలా లేదు. కెమెరా వెనకనుంచి అతనే చూశాడు.

ఫోటో ఆమెకు ఇచ్చాడు. జగ్గమ్మ ముడుచుకున్న కొంగు కొస మీద వేలు పెట్టింది.

"సంతకి ఎల్లినపుడల్లా ఇలగే పట్టుకునీది," అంది. "జనంలో నాను తప్పిపోతానని దానికి బయం."

గణపతిరావు ఆ ప్లేటును పగలగొట్టలేకపోయాడు, దగ్గర ఉంచుకోనూ లేకపోయాడు. మర్నాడు ఆమె ఊరికి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చాడు.