గోవిందు నోట్లో ఈల

రండమ్మా, రండి. ఆ స్తంభానికి ఆనుకున్న నాయన కూడా కొంచెం ముందుకు జరగాల. ఫోన్లు సంచుల్లో పెట్టేసి, మనసులో ఒక్కసారి గోవిందా అనుకుని కూర్చోండి. ఇది దేవుడి కథ కాదు, సినిమా పిచ్చోడి కథ. అయితే ఏమిలే, ఏడుకొండలవాడికి పిచ్చోళ్ళంటేనే ఇష్టం. లేకపోతే మనలాంటి వాళ్ళను ఇంతకాలం ఎందుకు భరిస్తాడు చెప్పండి?

చిత్తూరులో గోవిందు అని ఒకాయన ఉన్నాడు. మామిడికాయల మండీలో తూకం దగ్గర పని. అరవై దాటినా మనిషి ఒక చోట నిలవడు. పొద్దున్నే టీ అంగడి బెంచీ మీద కూర్చుంటాడు గానీ, ఆ కూర్చోవడం కూర్చోవడం కాదు. ఒక కాలు ఆడుతూనే ఉంటుంది. గ్లాసు కింద పెడతాడు, మళ్ళీ తీస్తాడు, లేచి రోడ్డు చూసి వచ్చి కూర్చుంటాడు. నోరు మాత్రం సినిమాల మీదే.

"అప్పట్లో హీరో నడిచొస్తే భూమి పక్కకు జరిగి దారిచ్చినట్టు ఉండేదప్పా. ఇప్పుడు హీరో కొడితే పదిమంది గాల్లోకి లేస్తారు, నా మనసు మాత్రం లెయ్యదు. మా కమలాకరరావు కిరీటం పెట్టుకుంటే గుళ్ళో సామి గూడా ఒకసారి అద్దం సూసుకోవాల్సిందే" అనేవాడు. అని వెంటనే లెంపలు వేసుకునేవాడు.

"ఆ కిరీటం తీసేసి ఓట్లు అడగను వచ్చినాడు గదా మీ కమలాకరరావు, ఏమిచ్చినాడు నీకు?" అని టీ అంగడాయన గిల్లేవాడు.

గోవిందు కాలు ఇంకా గట్టిగా ఆడేది. "తెర మీద ఆయన చేతిలో చక్రం, ఈడ మా చేతిలో జెండా. ఆయన చక్రం తిప్పినాడు. మా జెండా చినిగింది. సినిమాలో అయితే ఆఖర్న భక్తుడికి దర్శనం ఇస్తాడు. రాజకీయంలో మాకు గేటు కాడ వాచ్‌మేన్ దర్శనమే దక్కింది."

అంతలో వాళ్ళ నెత్తి మీదుగా ఈల పోయేది. టీ అంగడాయన పాలగిన్నె మీద మూత పెట్టేవాడు, ఈల తగిలితే పాలు పొంగిపోతాయని. ఆటోవాళ్ళు ఒక్క క్షణం బండి నిదానించి, అది దాటాక మళ్ళీ పోయేవాళ్ళు.

ఆ ఈల గోవిందుదే. పడుచుతనంలో కమలాకరరావు సినిమా మొదటి ఆట నాడు, తెర మీద శంఖచక్రాలతో సామి ప్రత్యక్షం కాగానే, ముందు బెంచీలోంచి గోవిందు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఒక ఈల వేశాడు. అది ఆగలేదు. హాలంతా ఒక చుట్టు చుట్టి, పైనున్న గాలికిటికీలోంచి బయటపడి ఊరు పట్టుకుంది. అప్పట్నుంచి తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం కోర్టు ముందర వేపచెట్టు మీద వాలుతుంది, మామిడి సీజన్లో మండీ కప్పు మీద పడుకుంటుంది, ఎవరింట్లోనైనా పెళ్ళి మేళం మోగితే పోయి కాసేపు కూర్చుని వస్తుంది. గోవిందు మాత్రం ఆనాటి నుంచి ఎంత ఊదినా వట్టి గాలే. ఈల బయట, మనిషి లోపల, ఇద్దరికీ నిలకడ లేదు.

ఇప్పుడు గోవిందు గుండెలో ముల్లు సంగతి చెప్తాను. ఆయనకు ఒక్కతే చెల్లెలు, దేవకమ్మ. తిరుపతిలో కాపురం. మొగుడు తిరుమలయ్య, జయచంద్ర అనే ఇంకో హీరోకు వీరాభిమాని. మీకు తెలుసుగదా ఆ రోజుల్లో, ఈ హీరోవాళ్ళు ఆ హీరోవాళ్ళ అంగట్లో టీ కూడా తాగేవాళ్ళు కాదు. అయినా బావా బామ్మర్దులు ఎగతాళి చేసుకుంటూ బాగానే ఉండేవాళ్ళు. ఒకసారి తిరుమలయ్య తెల్లారే తలస్నానం చేసి, జయచంద్ర పోస్టరుకు పూలదండ వేసి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించాడు. ఆ కర్పూరం ఆరకముందే గోవిందు పేడముద్ద తెచ్చి పోస్టరు మొహాన కొట్టాడు. ఆ వయసులో అదొక పౌరుషం. "హారతి ఇచ్చిన మొహం మీద పేడ కొట్టినావు. నా గడప తొక్కొద్దు" అన్నాడు తిరుమలయ్య. తర్వాత హీరోలు చెరొక పార్టీ అయ్యారు. ఆ గడపకు రెండు జెండాలు అడ్డం పడ్డాయి. తమాషా ఏమంటే, ఆ హీరోలిద్దరూ షూటింగులో ఒకరి క్యారియరు ఒకరు తినేవాళ్ళట. ఇక్కడ దేవకమ్మ మాత్రం అన్న ఇంటి ముద్ద తిని ఎన్నేళ్ళయిందో!

ఈమధ్య మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. కమలాకరరావు పేరు చెప్పుకుని పైకొచ్చిన అమర్‌నాథ్ అనే కుర్ర నాయకుడు, తన మనిషి గిరిప్రసాద్‌ను గోవిందు దగ్గరకు పంపించాడు.

"గోవిందన్నా, సాయంత్రం మైదానంలో సభ. మా అన్న స్టేజీ ఎక్కతానే నీ ఈల మోగాల. నువ్వు రమ్మంటే వస్తాదంట గదా?"

"వస్తాది. నేనే పిలవలేదు. దాని పాటికి తిరగనీ అని."

"ఈపొద్దు పిలువు. నీ వార్డు టికెట్టు నీకే. స్టేజీ మీద మా అన్నే చెప్తాడు."

గోవిందు కాలు ఆడటం ఆగిపోయింది. జీవితమంతా జెండా మోసినవాడికి ఇన్నాళ్ళకు కుర్చీ! కాదనడానికి ఆయన ఋషి కాదు కదా. పాత సినిమా హాలు ఉన్న చోటికి పోయాడు. ఇప్పుడక్కడ కళ్యాణ మండపం. దాని ముందు నిలబడి రెండు వేళ్ళు నోటికి ఆనించాడు. కోర్టు వైపు నుంచి ఈల వచ్చి, గూటికొచ్చిన పావురంలాగా నాలుక మీద వాలింది. గోలీసోడా రుచి, బీడీ పొగ, ఉడికించిన శనక్కాయల వాసన, ఆనాటి హాలంతా నోట్లోకి వచ్చేసింది. బరువు చూస్తే తెలిసింది, పాపం అలిసిపోయి ఉంది. ఇక ఒక్కసారి ఎగరగలదు, అంతే.

గోవిందు పెదాలు బిగించాడు. గిరిప్రసాద్ ఆయన్ను జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"నోరు తెరవాకన్నా. తుమ్ము వచ్చినా మింగేయి. మా అన్న చెయ్యి పైకెత్తుతాడు సూడు, అప్పుడు వదలాల."

గాంధీ బొమ్మ దగ్గర ట్రాఫిక్కులో జీపు ఆగింది. గోవిందు ఫోను మోగింది. చూస్తే దేవకమ్మ పేరు. తియ్యబోతే స్పీకరు నొక్కుకుంది.

"అన్నా, నేను దేవకిని. మీ బావను పెద్దాసుపత్రిలో చేర్చినాము. ఊపిరి ఆడటం లేదన్నా. మిషను పెట్టినా రొమ్ము ఎగరేస్తా ఉండాడు. రాత్రి దాటేది కష్టమంటా ఉండారు. నీకు చెప్పొద్దన్నాడు, నేనే చేసినా. అన్నా, వింటా ఉండావా?"

"మ్... మ్మ్..." అన్నాడు గోవిందు.

"ఒక్క మాటన్నా మాట్లాడన్నా."

గోవిందు కళ్ళు ఎర్రబడ్డాయి. పెదాల వెనక ఈల కొట్టుకుంటోంది.

"ఇంకా పంతమేనా? ఆ మనిషి పోతా ఉంటే గూడా నీకు సినిమానే పెద్దదా? సరేలే" అని ఆ తల్లి ఏడ్చింది.

గిరిప్రసాద్ ఫోను లాక్కున్నాడు. "అమ్మా, అన్న మీటింగులో ఉండాడు. రేప్పొద్దున మాట్లాడతాడు" అని కట్ చేశాడు. "ఏమనుకోవద్దన్నా. ఇంకో గంటలో నువ్వు లీడరు. ఆ తర్వాత కారేసుకుని పోదువులే."

గోవిందు అతని వంక చూశాడు. రోడ్డుకు అవతల తిరుపతి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. జీపు తలుపు తీసి దిగాడు.

"యాడికన్నా? ఓ గోవిందన్నా! టికెట్టు పోతాది! మళ్ళీ పుట్టినా రాదు!"

ఆయన ఆగలేదు. పరుగు లాంటి నడకతో పోయి బస్సు ఎక్కాడు.

"యాడికి పెద్దాయనా?" అన్నాడు కండక్టరు. గోవిందు నుదుటి మీద మూడు నామాలు గీసి చూపించాడు. "తిరుపతికా? నోటితో చెప్తే ముత్యాలు రాల్తాయా?" అని కండక్టరు టికెట్టు చింపి ఇచ్చాడు.

పూతలపట్టు దాటింది. గోవిందు సీట్లో కూర్చోలేక లేచి నిలబడ్డాడు, నిలబడలేక కూర్చున్నాడు. నోట్లో ఈల పళ్ళ సందుల్లోంచి దారి వెతుకుతోంది. సభ వదిలేసినా, దాని ఆఖరి ఎగరడాన్ని బస్సులో పారేసుకోవడానికి మనసు రాలేదు. దగ్గు వచ్చింది, మింగాడు. పక్కనామె వక్కాకు ఇవ్వబోతే చేతులు జోడించాడు. చంద్రగిరి వచ్చేసరికి ఎదురుగా కొండ కనిపించింది. బస్సు బస్సంతా "ఏడుకొండలవాడా, గోవిందా గోవిందా!" అని ఒక్క గొంతుతో అరిచింది. ఆ పేరు పెట్టుకుని పుట్టినప్పట్నుంచి, కొండ కనబడితే గోవిందా అనకుండా ఉండటం ఆయనకు అదే మొదటిసారి. కంట్లోంచి నీళ్ళు కారిపోయాయి.

"ఏమప్పా, సామి పేరు చెప్పేదానికి గూడా నోరు రాదా నీకు?" అని వెనక సీటు ముసలాయన కసిరాడు. గోవిందు రెండు చేతులూ నెత్తిన జోడించి కొండ వైపు తిరిగాడు. పలకని గోవింద నామం సామికి వినపడదా? అలా అనుకునేవాళ్ళు సామిని ఎరగనివాళ్ళు.

ఆసుపత్రి వార్డులో దేవకమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. అన్నను చూసి లేచి, మొహం తిప్పుకుంది. మంచం మీద తిరుమలయ్య. ఎంత ఎండిపోయాడు! నోరు తెరుచుకుని, చేపలాగా గాలి కోసం ఎగబడుతున్నాడు. బామ్మర్దిని చూసి మాస్కు కొంచెం జరిపాడు.

"ఏం... పేడ... తెచ్చినావా?" అన్నాడు. ఆ ముక్క అనడానికే ఉన్న ఊపిరంతా అయిపోయింది. కళ్ళు తేలేశాడు.

గోవిందుకు సభ గుర్తులేదు, ఈల గుర్తులేదు. మంచం మీదికి వంగి "బావా!" అని పిలవబోయాడు.

నోరు తెరిచేసరికి మాట రాలేదు. ఈల వచ్చింది.

ఆహా, ఏమి ఈల నాయనా! తెర మీద సామి ప్రత్యక్షమైనప్పుడు, ఆ పడుచువాడి రొమ్ములో ఎంత ఊపిరి ఉందో అంతా ఉంది అందులో. వార్డు చుట్టూ తిరగలేదు, కిటికీ వెతకలేదు. నేరుగా పోయి తిరుమలయ్య తెరిచిన నోట్లో దూరింది. ఆయన రొమ్ము నిండా లేచింది. నెమ్మదిగా దిగింది. మళ్ళీ లేచింది.

నర్సమ్మ తలుపు దగ్గర నుంచి, "ఎవరండీ ఆ ఈల? ఇది ఆసుపత్రి అనుకున్నారా, సినిమా హాలు అనుకున్నారా?" అని కోప్పడి, వచ్చి మిషను వంక చూసింది. "గాలి బాగానే ఆడుతోందే" అని దుప్పటి సర్ది పోయింది.

తిరుమలయ్య కళ్ళు తెరిచాడు. మాస్కు తీసేశాడు.

"ఒరే బామ్మర్దీ, ఇది మీవోడి సినిమాలో వేసిన ఈల గదరా?"

"అవును బావా."

"థూ. ఇంక సచ్చేదాకా మీవోడి ఈలతోనే ఊపిరి పీల్చాల్నా నేను?"

"ఇష్టం లేకుంటే వదిలేయ్ బావా."

"వదల్ను పోరా" అని తిరుమలయ్య బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు. దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో మరి. "అన్నం తిన్నావా అన్నా?" అని అడిగింది.

అక్కడ చిత్తూరు మైదానంలో అమర్‌నాథ్ చెయ్యి పైకెత్తి శానాసేపు నిలబడ్డాడట. వార్డు టికెట్టు ఎవరికో ఇచ్చారు. ఎవరికని గోవిందు అడగలేదు. ఆ వారమంతా చెల్లెలింట్లోనే ఉన్నాడు.

విన్నారు కదా. ఊపిరి పోయడం, తియ్యడం కొండమీద ఉన్నాయన పని, అది మనకొద్దు. గోవిందు చేసిన పని ఒక్కటి మాత్రం మడిచి కొంగున కట్టుకోండి. చెల్లెలికి ఒక్క మాట చెప్పుకునే దారి లేదు, తప్పు తనదేనని ఒప్పుకునేందుకు నోరు లేదు, అయినా జీపు దిగాడు. రేపు మీ ఇంటి నుంచి కూడా ఎవరో పిలుస్తారు. ఏం మాట్లాడాలో తెలియక మీరు ఆగిపోతారు. ఆగొద్దు నాయనా. మాట దొరికేదాకా ఆగొద్దు. దిగండి, పోయి ఆ మంచం పక్కన నిలబడండి.