పదో ఇంటర్వ్యూ

నేను ఒక వాయిస్ రికార్డర్‌ను. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి వస్తువును. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో పుట్టి, ఎన్నో డబ్బాలు మారి, చివరికి జగిత్యాలలోని ఒక డిగ్రీ కాలేజీకి చేరాను. సోషియాలజీ చెప్పే వసుంధర మేడమ్ నా వీపు మీద ‘సోషియాలజీ–1’ అని కాగితం అంటించింది. రెండోది ఎన్నడూ రాలేదు.

మూడేసి రోజులు ఒక్కో విద్యార్థి సంచిలో ఉండేదాన్ని. ఒకచోట సర్దుకునేలోపే ఇంకొకరి చేతిలో పడేదాన్ని. కూరగాయల మార్కెట్టు, కుట్టుపని సెంటరు, బస్టాండు అన్నీ తిరిగాను. నా ఎర్ర లైటు వెలగగానే మనుషుల గొంతు మారిపోతుంది. “మా ఇంట్ల అంత మంచిగనే ఉంటం” అంటారు. లైటు ఆరాక నిట్టూర్చి అసలు కథ మొదలుపెడతారు. మనిషి ప్రవర్తన గురించిన చదువుకు నేను పనిముట్టునట. ఆ ప్రవర్తన మొదలయ్యే సమయానికి మాత్రం నన్ను ఎప్పుడూ ఆపేసి ఉంచేవారు.

ఒక సంవత్సరం ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టు ‘పనిచేసే స్త్రీల దినచర్య’. ఒక్కొక్కరూ పదిమందిని ఇంటర్వ్యూ చేయాలి. మేడమ్ ఒకే షరతు పెట్టింది: సొంతవాళ్లను అడగకూడదు.

మెట్‌పల్లి దగ్గరి ఊరి నుంచి బస్సులో వచ్చే భాగ్యరేఖ నన్ను తీసుకుంది. చురుకైన పిల్ల. తొమ్మిదిమందితో చకచకా మాట్లాడేసింది. పదో ఆమె మాత్రం ఊరెళ్లింది. తెల్లారితే నన్ను ఇంకొకరికి అప్పగించాలి. భాగ్యరేఖ ఇంట్లో అటూ ఇటూ తిరిగింది, గుమ్మం దాకా వెళ్లి వచ్చింది, చివరికి వెనక అర్రలోకి నడిచింది. అక్కడ ఆమె తల్లి రాజమణి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“అమ్మా, నేనెవరో నీకు తెల్వనట్టు చెప్పాలె. బిడ్డా అని పిలవొద్దు.”

రాజమణికి నవ్వు ఆగలేదు. “సరే మేడమ్, అడుగుండ్రి” అంది.

అప్పుడు భాగ్యరేఖ నా మీట నొక్కింది. కాగితం మీద తల్లి పేరు ‘లక్ష్మి’ అయింది. ఎన్నింటికి లేస్తారు, నడుము నొప్పి ఉందా అని అడుగుతూ పోయింది కూతురు. తల్లి చేతులు ఆగకుండానే జవాబులు చెప్పింది.

“పిల్లలేం చేస్తరు?”

“ఒక్కతే బిడ్డ మేడమ్. డిగ్రీ చదువుతది. మంచిగ చదువుతది. దోస్తులొస్తే మాత్రం నన్ను చాట పట్టుకొని ఎనుక అర్రలకు పొమ్మంటది. పోత. తంబాకు వాసనొస్తదని తలుపు గూడ ఏస్తది.”

లైటు వెలుగుతుండగా నిజం వినడం నాకది మొదటిసారి. ‘లక్ష్మి’ని అడిగితే రాజమణి చెప్పింది. చాలాసేపు కత్తెర ఆకును కత్తిరించే చప్పుడు ఒక్కటే నాలో పడింది. తర్వాత భాగ్యరేఖ “రోజుకు ఎన్ని గంటలు పని చేస్తరు?” అని కింది ప్రశ్నకు దిగిపోయింది.

రాసిన జవాబులే చూస్తారని ఆమె ధైర్యం. కానీ వారం తిరక్కుండానే మేడమ్ నన్ను క్లాసులో బల్ల మీద పెట్టి, భాగ్యరేఖ పదో ఇంటర్వ్యూ వినిపించింది. ఆ నిశ్శబ్దం దగ్గర నన్ను ఆపింది.

“ఇక్కడెందుకు ఆగిపోయావ్? తర్వాత అడగాల్సిన ప్రశ్న ఏమిటి?”

భాగ్యరేఖ పక్కనే కూర్చున్న స్నేహితురాలు నిఖత్ ఊరుకోలేకపోయింది.

“ప్రశ్న సంగతి తర్వాత మేడమ్. కన్నతల్లిని అర్రల పెట్టి తలుపేసుడేంది? ఆ బిడ్డ అసలు మనిషేనా?”

క్లాసంతా అవునంది. భాగ్యరేఖ మెల్లగా లేచి నిలబడింది.

“ఆ బిడ్డను నేనే మేడమ్.”

నిఖత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“షరతు షరతే. ఈ ఇంటర్వ్యూ చెల్లదు. ఇంకొకరిని వెతుక్కో” అంది మేడమ్. తర్వాత నన్ను భాగ్యరేఖ చేతిలో పెట్టింది. “వదిలేసిన ప్రశ్న మాత్రం మీ అమ్మను అడుగు. అది నాకు వినిపించక్కర్లేదు.”

ఆ సాయంత్రం భాగ్యరేఖ నేరుగా అర్రలోకి వెళ్లి నేల మీద కూర్చుంది. నా మీట నొక్కింది.

“మల్ల మేడమొచ్చిందా?” అంది రాజమణి.

“మేడమ్ రాలే. నేనే. అమ్మా... అర్రలకు పొమ్మన్నప్పుడల్లా నీకెట్లనిపిస్తుండె?”

తల్లి వేళ్లు ఆగాయి. చుడుతున్న ఆకు విచ్చుకుని తంబాకు చాటలో రాలింది. ఒక్క ఊపిరి గట్టిగా వినిపించింది. చెబుతుందని నేను చెవులు రిక్కించాను.

“ముందుగాల ఆ మిషన్ బందు చెయ్యవే.”

భాగ్యరేఖ నన్ను ఆపేసి, ముందు గదిలో పెట్టి అర్రలోకి తిరిగి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత నన్ను నిఖత్ తీసుకెళ్లింది. తన జాబితాలో చివరి పేరు రాజమణిది. మేము వెళ్లేసరికి తల్లీ కూతుళ్లిద్దరూ ముందు గదిలో, వీధి తలుపు తీసుకుని కూర్చున్నారు. కూతురు ఆకులు కత్తిరించి ఇస్తుంటే తల్లి చుడుతోంది. ఇద్దరి కళ్లూ ఉబ్బి ఉన్నాయి. నిఖత్‌ను చూసి భాగ్యరేఖ లేవబోయి, మళ్లీ కూర్చుంది.

“పిల్లలేం చేస్తరమ్మా?” అంది నిఖత్.

రాజమణి నా ఎర్ర లైటును ఓసారి చూసింది. “ఒక్కతే బిడ్డ. బంగారమసొంటిది. నన్నెన్నడు ఒక్క మాటనలె” అంది.

పక్కన భాగ్యరేఖ కత్తెర ఆగిపోయింది.

ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి. నేను డిపార్ట్‌మెంట్ బీరువాలో పడి ఉన్నాను. ‘బంగారమసొంటిది’ అన్న మాట నాలో చెక్కుచెదరకుండా ఉంది. నన్ను ఆపిన తర్వాత ఆ అర్రలో ఏం మాట్లాడుకున్నారో మాత్రం నాకు తెలియదు. బీరువా తలుపు కిర్రుమన్న ప్రతిసారీ, ఎవరైనా వచ్చి చెబుతారేమోనని ఉలిక్కిపడుతుంటాను.