ఉత్తరంలోంచి తీసిన నీలం

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగగానే టైమ్ కీపర్ సైకిలు నేరుగా కొత్త ఇంటి వైపు తిప్పేవాడు. అప్పటికి మేస్త్రీ అన్నం తిని, సిమెంటు బస్తా మీద తలపెట్టి ఓ కునుకు తీసి లేస్తుండేవాడు. ఇద్దరూ కలిసి ఇల్లంతా ఒకసారి చుట్టి వచ్చేవాళ్ళు. నిన్న లేనిది ఇవాళ ఏం వచ్చిందో మేస్త్రీ చూపించేవాడు, టైమ్ కీపర్ తలాడించేవాడు. ఆ తర్వాత మేస్త్రీ రోజూ అడిగే మాటే అడిగేవాడు.

"ఏదో ఒకటి తేల్చారా సార్?"

తేల్చేవాడు కాదు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో ముప్ఫై ఏళ్ళుగా చూసి రాస్తున్న మనిషి. డిపోలో ఆయన మాటకి తిరుగు లేదు. ఇంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు కొళాయిలు పక్కపక్కన పెట్టి ఏది కావాలంటే బిక్కమొహం వేసేవాడు. అందుకని ఎంపికలన్నీ ఆయన భార్య నెత్తిన పడ్డాయి.

ఆవిడ ఆస్పత్రిలో కట్లు కట్టే నర్సు. ఏదైనా చేత్తో తాకి తేల్చేయడం అలవాటు. టైల్స్ కొట్లో చెప్పులు విడిచి, నేల మీద పరిచిన పలకల మీద మడమ ఆనించి నడిచి చూసింది. ఇది తడిస్తే జారుతుంది, ఇది మురికి దాచుకుంటుంది, ఆ మూలది ఇవ్వండి అని పావుగంటలో ముగించింది. వంటగట్టుకి అద్దంలా మెరిసే గ్రానైట్ తీసుకోమని కొట్టువాడు బతిమాలాడు. నా మొహం నాకు పొద్దున్న ఒకసారి కనిపిస్తే చాలు, కూర తరుగుతున్నంతసేపూ అక్కర్లేదని మెరుపు తీసిన నల్లరాయి ఖాయం చేసింది. వీధి తలుపుకి టేకు, లోపలి తలుపులకి తేలిక చెక్క. కిటికీలకి పూలూ లతలూ ఉన్న గ్రిల్లు బాగుంటుందేమోనని టైమ్ కీపర్ గొణిగితే, వాటి సందుల్లో దుమ్ము తుడిచేది మీరు కాదుగా అంది. నిలువు ఊచలు బిగించారు.

గోడలకి లప్పం పట్టించి, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం కూడా అయిపోయింది. ఇక మిగిలింది రంగులు. రంగులంటే ఆ ఊళ్ళో రంగులాయన దగ్గరికే వెళ్ళాలి.

రంగులాయన కొట్లో షేడ్ కార్డులు ఉండవు. మనకి ఏ రంగు కావాలో ఆ రంగున్న వస్తువు పట్టుకెళ్ళాలి. ఆయన దాన్ని సున్నపు నీళ్ళ తొట్టెలో వేసి, అరచేత్తో మెల్లగా అదుముతూ కూర్చుంటాడు. రంగు వస్తువుని వదిలి నీళ్ళలోకి దిగుతుంది. వస్తువు తెల్లగా మిగిలిపోతుంది. దిగిన రంగు మళ్ళీ వెనక్కి ఎక్కదు. ఎంత రంగు దిగుతుందన్నది వస్తువు సైజుని బట్టి ఉండదు, దాన్ని మనం ఎంతకాలం చూశామన్నదాన్ని బట్టి ఉంటుంది. నిన్న కొన్న దుప్పటి పిండితే గ్లాసుడు కూడా రాదు. అందుకే జనం పాత వస్తువులే తీసుకెళ్తారు. ఊళ్ళో తెల్ల గొడుగు, తెల్ల సంచీ, తెల్లటి సైకిలు కనిపిస్తే వీళ్ళు ఈమధ్యే ఇల్లు కట్టుకున్నారన్నమాట అనుకుంటారు. బ్యాంకు మేనేజరు ఎర్ర స్కూటరు తెల్లబడిన వారానికి వాళ్ళ ప్రహరీ గోడ ఎర్రబడింది. ఇంకొకాయన పెళ్ళాంతో చెప్పకుండా ఆవిడ ఆకుపచ్చ శాలువా పట్టుకుపోయి పడగ్గదికి వేయించాడు. ఆ గదిలో నేను అడుగుపెట్టనని ఆవిడ భీష్మించుకుంటే ఏడాదిపాటు ఇద్దరూ వసారాలోనే పడుకున్నారు.

టైమ్ కీపర్ భార్య వంటింటికి తన పసుపు గొడుగు ఇచ్చేసింది. పడగ్గదికి మొగుడి పాత బూడిదరంగు స్వెట్టరు ఇచ్చింది. ఇచ్చి, మొగుడి వైపు తిరిగి చెప్పింది.

"ముందు గది మీది. ఇంటి మొత్తానికి ఒక్కటి, ఒకే ఒక్కటి మీరు తేల్చండి."

మూడు వారాలు గడిచాయి. ఆయన డిపోలోని పాత పచ్చ జెండా తెచ్చాడు, మళ్ళీ తీసుకెళ్ళి పెట్టేశాడు. ఫ్లాస్కు మూత తెచ్చాడు. చిన్నప్పటి అట్లాసు తెచ్చి, అందులో సముద్రాలు తెల్లబడిపోతే ఏం బాగుంటుందని వెనక్కి పట్టుకుపోయాడు. రంగులేసేవాళ్ళు చూసి చూసి వేరే పనికి పోయారు. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఖాళీ చేతులతో కొట్టుకి వెళ్ళి తనవల్ల కావట్లేదని రంగులాయనతోనే చెప్పుకున్నాడు. బాగున్న రంగు సంగతి వదిలేయండి, మీరు ఎక్కువసార్లు చూసిన రంగేదో చెప్పండి అన్నాడు రంగులాయన.

అది అడిగేసరికి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. బీరువాలో, ఇంటి కాగితాల కింద, పదిహేడేళ్ళుగా ఉన్న ఉత్తరం గుర్తొచ్చింది. నాలుగు పేజీలు, నీలం సిరా.

ఆ ఉత్తరం రాసింది ఆయన తమ్ముడు. వాళ్ళమ్మ పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయింది. తమ్ముడు బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో అప్పుడే మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. వాడికి కబురు చేయొద్దు, కొట్టు మూసుకుని వస్తే వచ్చే నలుగురు గిరాకీలు కూడా పోతారు, లేచాక నేనే వెళ్తానని తల్లి పట్టుబట్టింది. టైమ్ కీపర్ ఆవిడ మాట విన్నాడు. పదో రోజు రాత్రి ఇక లాభం లేదని కబురు చేశాడు. తమ్ముడు వచ్చేసరికి అంతా అయిపోయింది. వచ్చినవాడు ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళిన ఆరో రోజుకి ఉత్తరం వచ్చింది. ఇవాళ్టి నుంచి నాకు అన్న లేడు, నీ గడప తొక్కను, నువ్వు నా గడప తొక్కకు అని.

ఎందుకు చెప్పలేదని ఒక్క ముక్క అడిగితే టైమ్ కీపర్ చెప్పేవాడే. అడగకుండానే తీర్పు చెప్పాడన్నది ఆయన బాధ. జవాబు రాయలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా, ఆ ఊరి బస్సు డిపోలోకి వచ్చి ఆగినప్పుడో, వాన పడుతున్న సాయంత్రాల్లోనో, మనసు కాస్త మెత్తబడేది. ఇంటికొచ్చి బీరువా తెరిచి ఉత్తరం చదువుకునేవాడు. చదివితే మళ్ళీ గట్టిపడేది. భార్య చూసేది. మొదట్లో ఒక్కసారి, దాన్ని పొయ్యిలో పడేయకూడదా అంది. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు.

చివరి పేజీలో, సంతకానికి పైన, ఒక పంక్తి అడ్డదిడ్డంగా కొట్టేసి ఉండేది. అక్షరం కూడా కనిపించకుండా సిరా దిట్టంగా పట్టించి ఉంది. పైకి రాసిందే ఇంత ఘోరంగా ఉంటే, వాడికే సిగ్గేసి కొట్టేసుకున్న తిట్టు ఇంకెంత ఘోరంగా ఉండి ఉంటుందో అనుకునేవాడు. నిజానికి ఆయన్ని ఎక్కువ కోసింది ఆ కనిపించని తిట్టే.

మర్నాడు ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. రంగులాయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"తెల్లకాగితాలు మిగుల్తాయి. మీకు తర్వాత పనికిరావు."

"ఫరవాలేదు. నాకు కంఠతా వచ్చు."

రంగులాయన నాలుగు కాగితాలూ తొట్టెలో పరిచి అరచెయ్యి ఆనించాడు. చివర రాసింది ముందు దిగుతుంది, సంతకం దగ్గర మొదలై పైకి పోతుంది, కాగితం చిరగదు, కంగారు పడొద్దని చెప్పాడు. టైమ్ కీపర్ అలవాటు కొద్దీ చేతి గడియారం చూసుకుని తొట్టె మీదికి వంగాడు.

ముందు పోయింది సంతకం కాదు. కొట్టివేత పోయింది. అంటే తమ్ముడు ఉత్తరమంతా రాసి, సంతకం పెట్టేసి, ఆ తర్వాత వెనక్కి వచ్చి ఆ పంక్తి కొట్టేశాడన్నమాట. అడ్డగీతలూ నిలువు గీతలూ ఒక్కొక్కటే వదులై నీళ్ళలో పొగలా కలిసిపోయాయి. కింద ఉన్న పంక్తి నిన్న రాసినట్టుగా బయటపడింది.

'ఇది అందాక ఒక్కసారి వచ్చి నన్ను నాలుగు తిట్టిపో అన్నయ్యా.'

"ఆపండి," అన్నాడు టైమ్ కీపర్.

ఇది మధ్యలో ఆగేది కాదన్నాడు రంగులాయన. సంతకం పలచబడి మాయమైంది. తర్వాత అన్నయ్యా అన్న మాట పోయింది, తిట్టిపో పోయింది, చివరికి పంక్తి మొదట్లోని 'ఇది' కూడా పోయింది. టైమ్ కీపర్ ఆలోపు మూడుసార్లు చదివాడు. మిగతా ఉత్తరమంతా ఎలా పోయిందో ఆయన చూడలేదు. తలెత్తేసరికి తొట్టె నిండి అంచుల మీదుగా పొర్లుతోంది, రంగులాయన పరుగున వెళ్ళి బకెట్లు తెస్తున్నాడు. నాలుగు పేజీల్లోంచి ఇంత దిగడం నా కొట్లో ఇదే మొదలన్నాడు, మెచ్చుకోలుగా.

రంగులేసేవాళ్ళని బతిమాలి వెనక్కి పిలిపించారు. రెండు రోజుల్లో ముందు గదికి రెండు కోటింగులు పడ్డాయి. భార్య వచ్చి గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. ఏ వస్తువులోంచి తీసిందో ఆవిడకి చూడగానే తెలిసింది. ఆయన జేబులోంచి తెల్లకాగితాలు తీసి, చివరిదాంట్లో ఖాళీ చోటు మీద వేలు పెట్టి, ఇక్కడ ఇలా ఉంది అని చెప్పాడు.

ఆవిడ కాగితాలు మడిచి మళ్ళీ ఆయన జేబులోనే పెట్టింది.

"రేపు ఆదివారం. మొదటి బస్సు ఎన్నింటికో మీకే తెలియాలి," అంది.

తమ్ముడి కొట్టు కనుక్కోవడం కష్టమేమీ కాలేదు. సందు చివర, సగం తీసిన షట్టరు కింద, ఒక మనిషి బల్ల మీదికి వంగి మోటారుకి రాగి తీగ చుడుతున్నాడు. జుట్టూ, మాసిన గడ్డమూ పూర్తిగా నెరిశాయి. దారంతో కట్టిన కళ్ళజోడు మీద ఓ భూతద్దం తగిలించుకున్నాడు. వచ్చిన మనిషిని ఒకసారి చూసి మళ్ళీ తల దించుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు, మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది. టైమ్ కీపర్ నిలబడే ఉన్నాడు. నూటపన్నెండు అని పైకి అని, తీగ కత్తిరించి, తమ్ముడు కాలితో ఒక స్టూలు ముందుకి నెట్టాడు.

"తిట్టిపొమ్మన్నావుగా," అన్నాడు టైమ్ కీపర్, కూర్చుంటూ. "వచ్చాను."

తమ్ముడు భూతద్దం విప్పి బల్ల మీద పెట్టాడు.

"అది కొట్టేశాను."

"ఆ కొట్టివేతే ముందు పోయింది."

ఎలా పోయిందో తమ్ముడు అడగలేదు, రంగులాయన సంగతి తనకీ తెలుసు. గోడకి వేశామన్నాడు టైమ్ కీపర్, సరే అన్నట్టు తలూపాడు తమ్ముడు. ఆ తర్వాత టైమ్ కీపర్ తిట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు ఆ గడ్డం దగ్గర మొదలుపెట్టాడు. ఆ కళ్ళజోడు విరిగితే దారం కట్టుకుని తిరగడమేమిటని తిట్టాడు. రెండో ఉత్తరం రాయడానికి చేతులు పడిపోయాయా అని తిట్టాడు. అమ్మ చెప్పొద్దంటే నేనేం చేసేదిరా అని, అసలు విషయం ఆ తిట్ల మధ్యలో ఎక్కడో దొర్లించేశాడు. తమ్ముడు తల వంచుకుని, బల్ల మీది తీగ ముక్కలు ఏరుతూ అన్నీ విన్నాడు. ఒక్కచోట మాత్రం, ఆ మాట అప్పుడే రాసి పడేయొచ్చుగా అన్నాడు. నువ్వు అడగొచ్చుగా అన్నాడు అన్న. పక్క కొట్టువాడు గొడవేమోనని తొంగిచూసి, కాదని వెళ్ళిపోయాడు.

తిట్లు అయిపోయాక టీ తాగారు. అప్పుడు తెలిసింది, కొట్టు నెలాఖరుకి మూసేస్తున్నాడని. మోటారు పాడైతే జనం కొత్తది కొనుక్కుంటున్నారు, చుట్టించుకోవడం లేదు. చూపు కూడా తగ్గింది. పెళ్ళి మాట ఎప్పుడో వదిలేశాడు. ఇంకా దూరాన ఏదో ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా మాట్లాడుకున్నాడు, గది వాళ్ళే ఇస్తారట. బాధపడుతూ ఏం చెప్పలేదు, బస్సు టైములు చెప్పినట్టు చెప్పాడు. నువ్వెక్కడ పడుకుంటున్నావు ఇప్పుడు అని అడిగాడు టైమ్ కీపర్. తమ్ముడు కొట్టు వెనక చూపించాడు. మోటార్ల మధ్య ఒక బల్ల, దాని మీద మడత పెట్టిన దుప్పటి. టైమ్ కీపర్ ఆ బల్ల దగ్గరికి వెళ్ళి జేన పెట్టి పొడవు కొలిచాడు. ఎందుకని తమ్ముడు అడిగితే, ఊరికే అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం కొత్త ఇంటి దగ్గర మేస్త్రీ కునుకు తీయకుండానే లేవాల్సొచ్చింది. స్టోరు గదికి కిటికీ పెట్టాలన్నాడు టైమ్ కీపర్. మేస్త్రీ నెత్తి పట్టుకున్నాడు. లప్పం అయిపోయింది, నేల అయిపోయింది, ఇప్పుడు గోడ పగలగొడితే ఇల్లంతా దుమ్ము, అయినా సామాన్లకి గాలెందుకు సార్ అన్నాడు.

"సామాన్లకి కాదు," అన్నాడు టైమ్ కీపర్.

మేస్త్రీ సుద్దముక్క తీసి గోడ మీద నలుచదరంగా గీత గీశాడు. అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చిన భార్య గీత చూసి, ఇంత పైన వద్దంది. నేల మీద దుప్పటి పరిచి, యూనిఫారం మీదే పడుకుని, పక్కకి తిరిగి చూసింది. పడుకున్న మనిషికి వీధి కనిపించాలి, ఇంకో రెండు జేనలు దించమంది. మేస్త్రీ పాత గీత చెరిపి కొత్తది గీశాడు. సుత్తి తీసుకున్నాడు. నాలుగో దెబ్బకి ఒక ఇటుక బయటికి పడింది, ఆ కంతలోంచి వీధిలో పోతున్న సైకిలు చక్రం కనిపించింది. గంట తిరిగేసరికి గోడలో మనిషి వంగి దూరగలిగేంత కంత అయింది.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ మేస్త్రీ ఆవిడ వైపు చూసి, రంగులేసేవాళ్ళు రేపొస్తారు, ఈ గదికి ఏం రంగు చెప్పమంటారమ్మా అని అడిగాడు. ఇల్లు మొదలైన దగ్గర్నుంచి ఆవిడ జవాబు కోసం ఎవరూ ఇంతసేపు ఆగలేదు. ఆవిడ గోడ వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"ఇది మేం తేల్చేది కాదు మేస్త్రీ," అంది. "నెలాఖరుకి మా మరిది వస్తాడు. అతన్ని అడుగుదాం."