ముందు వెళ్ళవలసిన ఇళ్ళు

కుట్టు ఫ్యాక్టరీ బస్సు ఆ సోమవారం పొద్దున గూళూరులో ముప్పావు గంట ఆగింది. ఎక్కవలసినవాళ్ళు పద్దెనిమిది మంది. ఎక్కింది ఏడుగురు. పేర్ల కాగితం పట్టుకుని సహన ఒక్కొక్క నంబరుకూ ఫోన్ చేసింది. గంట మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు.

బాగేపల్లి దగ్గర కొత్తగా పెట్టిన ఆ ఫ్యాక్టరీకి మనుషుల్ని కుదర్చడం ఆమెకు అప్పగించిన పని. మేనేజరు సునీల్‌కుమార్ మర్యాదగానే మాట్లాడాడు. "గురువారం వరకూ చూస్తా మేడం. పద్దెనిమిది మందీ వస్తే హెచ్.ఆర్. ఉద్యోగం మీదే. లేదంటే చింతామణిలో ఒక ఏజెన్సీ ఉండాది, వాళ్ళకిచ్చేస్తా."

ఈ ఉద్యోగం కూడా చేజారితే ఇంక ఈ పని తనకు చేతకాదని ఒప్పుకోవలసిందే. ఎనిమిదేళ్ళు ఆమె బెంగళూరు కంపెనీకి మనుషుల్ని ఎంపిక చేసింది. ఒక మంగళవారం పొద్దున, చిక్కబళ్ళాపురంలో అద్దె ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ తీసుకోలేదు. తనే తప్పు కొట్టాననుకుని మూడుసార్లు కొట్టింది. సాయంత్రానికి ఉద్యోగం తీసేశామని ఒక మెయిల్ వచ్చింది. ఆరేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న టీమ్ లీడరు ఈ రోజు దాకా ఫోన్ చేయలేదు. భర్త రవీంద్ర చింతామణి మార్కెట్టుకు టమాటా బండి తోలుతాడు. ఒక్క సంపాదనతో అద్దె కట్టలేక ఇద్దరూ గూళూరు వచ్చి అత్తగారింట్లో చేరారు.

అత్త లక్ష్మీదేవమ్మ కూలి మేస్త్రి. తోటల వాళ్ళు అడిగినంత మందిని కోతలకు పంపుతుంది. ఆమె కింద నలభై మంది ఆడవాళ్ళు. ఫోన్లో కేకలు వేయడం తప్ప అందులో ఇంకేమీ లేదని సహన అనుకునేది. అందుకే ఒక్క మాటా అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి లక్ష్మీదేవమ్మ అనపకాయలు ఒలుస్తోంది.

"ఎందరు ఎక్కిరి?"

"ఏడుమంది. మిగతావాళ్ళు ఫోనే ఎత్తరు అత్తా. సెలెక్ట్ అయినారని నేనే చెప్పినా గదా."

"వాళ్ళకు చెప్తివి. సెలెక్ట్ కాని ముప్పైనాలుగు మందికి ఏం చెప్తివి?"

"రెండు దినాల్లో ఫోన్ చేస్తానంటిని."

"చేస్తివా?"

సహన వంగి చెప్పులు విడిచింది.

"భాను మూడు దినాలు టమాటా కోతకు రాలేదు. ఫోను కొంగుకు కట్టుకొని ఇంట్లో కూసునె. ఆమె పక్కింటి నయనను నువ్వు తీసుకొంటివి. ఇద్దరూ యాడికి పోయినా జతగా పోయేవాళ్ళు. ఆమెను అట్ల కూసోబెట్టి ఈమె బస్సు ఎట్లెక్కుతాది?"

"బెంగళూరులో కానోళ్ళకు ఎవరూ చెప్పరత్తా. టైము యాడుంటాది?"

"నీకెవురూ చెప్పలేదనే గదా నెల దినాలు అన్నం సరిగ్గా తినకపోతివి," అంది లక్ష్మీదేవమ్మ, చేతిలో కాయ వైపే చూస్తూ.

అంతలో తోట యజమాని బయ్యప్ప ఫోన్ చేశాడు. రేపు తోటలోకి ఇరవై ఐదు మంది కావాలట. లక్ష్మీదేవమ్మ ఒడి దులుపుకుని లేచి చెప్పులు వేసుకుంది. "రా. చూద్దువు."

పని దొరికినవాళ్ళ ఇళ్ళకే వెళ్తున్నామనుకుంది సహన. అత్త వెనక వీధిలోకి తిరిగింది. "పనుండేవాళ్ళు ఒక ఫోన్ చేస్తే వస్తారు. ముందు లేనోళ్ళ ఇండ్లకు పోవల్ల," అంది.

మొదటి ఇంటి ముందు నిలబడి చెప్పింది. "రేపు నీకు పని లేదమ్మా. పోయిన వారం ఆరు దినాలూ వచ్చినావు, ఈ తూరి వేరేవాళ్ళకు ఇస్తాండా. శుక్రవారం మునినారాయణ చేన్లో సెనక్కాయ పీకేది ఉండాది, దానికి రా."

మూడో ఇంట్లో ఆమె పిండి కలుపుతూ తల ఎత్తలేదు. "నీ మొగం చూస్తానే తెలిసె. ఊరందరికీ పని తెస్తావు, మా ఇంటికి వచ్చేసరికి లేదంటావు. నీకు కావల్సినోళ్ళకే ఇచ్చుకో." ఇంకా చాలా అంది. లక్ష్మీదేవమ్మ గడప ముందే నిలబడి విన్నది. ఆ మాటలన్నీ అయిపోయాక, "పాప జ్వరం తగ్గెనా?" అంది. ఆ మనిషి మోచేత్తో పీట ఇటు జరిపింది. "కూసో. నిలబడే ఉండావు."

పదిహేను ఇళ్ళు తిరిగారు. కాగితం లేదు. ఎవరు ఎన్ని దినాలు వచ్చారో, ఎవరికి మోకాలు నొప్పో, ఎవరి కొడుక్కి పరీక్షలున్నాయో, అన్నీ ఆమె నోటనే ఉన్నాయి. బెంగళూరులో సహన కంప్యూటరు వేలమందిని గుర్తుపెట్టుకుంది. కాదన్నవాళ్ళలో ఒక్కరి ముఖమూ సహనకు గుర్తు లేదు. ముందు నడుస్తున్న మనిషి కాలి పగుళ్ళనూ, పక్కకు జారిన కొంగునూ చూస్తూ ఆమె వెనక నడిచింది. పెళ్ళయిన ఐదేళ్ళలో ఈ ఊరు వచ్చినప్పుడల్లా ఈమె వండిన సంగటి తిన్నది. ఇంత పెద్ద మనిషి పక్కన కూర్చుని తింటున్నానని ఒక్కనాడూ తెలియలేదు. ఆ వీధిలో గట్టిగా అడుగు వేయడానికి కూడా ఆమెకు మనసు రాలేదు.

మర్నాడు సాయంత్రం సహన బయలుదేరుతూ అత్తను తోడు పిలిచింది.

"నేనొస్తే నా మొగం చూసి ఊరుకొంటారు. తిట్లు నీవి, నువ్వే తిను," అంది లక్ష్మీదేవమ్మ.

భాను గిన్నెలు తోముతోంది. ఫోన్ ఇంకా కొంగునే ఉంది.

"భానూ, నిన్ను తీసుకోలేదు. పరీక్షలో సూదిలోకి దారం ఎక్కియ్యను ఐదు తూర్లు పట్టె, చూపు ఆనలేదు. ఆ దినమే చెప్పల్ల. చెప్పలేదు. తప్పు నాది."

"చార్జి అయిపోతాదని మా ఆయన్ను గూడా ఫోన్ ముట్టనీలేదు నేను," అంది భాను. "మూడు దినాల కూలి పోయె. మా అత్త ఏమనిందో నీకేం తెలుసు?"

కంపెనీ రూల్సు, పని ఒత్తిడి, చెప్పుకోవడానికి సహన దగ్గర చాలా ఉన్నాయి. అవేవీ ఎత్తకుండా నిలబడింది. భాను ఒక్కొక్క గిన్నె తోముతూ తిట్టింది. ఆఖరి చెంబు బోర్లించాక, "కండ్లద్దాలు పెట్టుకొంటే తీసుకొంటారా?" అని అడిగింది.

"తెలీదు. అడిగి రేపు నేనే వచ్చి చెప్తా. ఫోన్ కోసరం కూసోవద్దు."

భాను చేతులు కడుక్కుని, గోడ మీదుగా పక్కింటికి కేక వేసింది. "నయనా, గురువారం బస్సుకు పోవే. నా కోసరం నిలిచిపోవద్దు."

సహన రెండు సాయంత్రాలు తిరిగింది. ముప్పై ఇళ్ళు. ఇద్దరు తలుపు తీయలేదు. బయట నిలబడే చెప్పి వచ్చింది. ఒకామె కాఫీ ఇచ్చి మరీ తిట్టింది. అద్దాలతో వస్తే మళ్ళీ పరీక్ష పెడతారని భానుకు వెళ్ళి చెప్పింది. నాలుగు ఇళ్ళకు బీగాలు వేసి ఉన్నాయి, పెళ్ళికి దిబ్బూరహళ్ళి పోయారట.

గురువారం బస్సు దగ్గర పదిహేడు మంది లెక్కకు వచ్చారు. డ్రైవరు హారన్ కొడుతుండగా నయన పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. వెనకే భాను వచ్చి, మరిచిపోయిన క్యారియర్ కిటికీలోంచి అందించి, సహన వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

సునీల్‌కుమార్ ఫోన్ చేశాడు. "సోమవారం నుంచి వచ్చేయండి మేడం. ఆ కానివాళ్ళ లిస్టు ఇంక పారేయండి."

సహన ఆ లిస్టును మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఇంటి గుమ్మంలో లక్ష్మీదేవమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. "ఎక్కిరా?"

"అందరూ."

"పెళ్ళికి పోయిన ఆ నాలుగిండ్లోళ్ళు పొద్దున తిరిగొచ్చినారంట." నవ్వుతూ అంది. "ఆఫీసరమ్మ అయితివి గదా, కాఫీ తాగి పో."

"వచ్చి తాగుతా అత్తా."

చెప్పులు విడవకుండానే నీళ్ళు తాగి, చెంబు ఆమె చేతికిచ్చి, సహన వెనక వీధి వైపు నడిచింది.